ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లను అద్దెకిచ్చే (క్లౌడ్) అమెజాన్ వెబ్ సర్వీసెస్ గెలిచింది సాంకేతికతతోనా, వదిలి వెళ్లనివ్వని ధరలతోనా?

మేఘమాల:
2006 మార్చిలో అమెజాన్ డేటా నిల్వ సేవ ఎస్3, ఆగస్టులో సర్వర్లను అద్దెకిచ్చే ఈసీ2 వచ్చేనాటికి చిన్న సంస్థలు ఒక సర్వర్ కోసం కొటేషన్లు తెప్పించుకుని వారాల తరబడి ఎదురుచూసేవి. అమెజాన్ ఆ పనిని క్రెడిట్ కార్డుతో నిమిషాల్లో తేల్చేసింది. ప్రోగ్రాములను గూగుల్ యంత్రాల మీద నడిపిపెట్టే సేవగా 2008లో వచ్చిన గూగుల్ యాప్ ఇంజిన్ తన పద్ధతిలోనే ప్రోగ్రాములు రాయాలని షరతు పెట్టగా, అమెజాన్ ఖాళీ యంత్రాన్ని అప్పగించి మీకు నచ్చింది నడుపుకోమంది. నా దృష్టిలో గెలుపు అక్కడే ఖాయమైంది.

పాతసర్వర్:
మేఘమాల గారు లోపలికి వెళ్లడం గురించే చెప్పారు. డేటాను లోపలికి పంపడం ఉచితం. బయటికి తేవాలంటే అమెరికా ప్రాంతాల్లో, నెలకు తొలి 100 జీబీ మినహాయిస్తే, జీబీకి 9 సెంట్లు. పూర్తిగా వెళ్లిపోయేవారికి ఈ రుసుమును గూగుల్, ఆ వెనుక అమెజాన్, మైక్రోసాఫ్ట్ రద్దు చేసింది 2024లో, అదీ ఐరోపా డేటా చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదిలో. మా పాత సంస్థ క్లౌడ్‌కు మారేముందు కన్సల్టెంటు చూపించిన ఖర్చుల అంచనాలో ఈ పద్దు అసలు లేనే లేదు.

లెక్కలరావు:
టెరాబైటుకు సుమారు 90 డాలర్లు. కాగితం మీద చిన్నదే.

మేఘమాల:
మీ కన్సల్టెంటు తప్పును అమెజాన్ ఖాతాలో వేయకండి. ఫైళ్లు దాచిపెట్టే సేవ డ్రాప్‌బాక్స్ అమెజాన్‌లో ఉంచిన తన నిల్వలో అధికభాగాన్ని 2016 నాటికే సొంత యంత్రాలకు మార్చుకుంది కదా, ఎవరు ఆపారు? 2015లో చిప్‌ల సంస్థ అన్నపూర్ణ ల్యాబ్స్‌ను కొన్నాక అమెజాన్ నెట్‌వర్కు, నిల్వ పనులను ప్రత్యేక కార్డుల మీదికి తరలించి (నైట్రో అంటే అదే) సర్వర్ శక్తిని దాదాపు మొత్తం కొనుగోలుదారుకే మిగిల్చింది. 2018లో గ్రావిటాన్ పేరుతో సొంత ప్రాసెసర్ తెచ్చింది. ఇది రుసుములతో సాధించే పనా?

పాతసర్వర్:
డ్రాప్‌బాక్స్‌కు ఉన్న ఇంజినీర్లు ఎంతమందికి ఉంటారండీ? నైట్రో గొప్పదే, నేను కాదనలేదు. బయటికి తేవడానికి 9 సెంట్లు ఎందుకన్న ప్రశ్నకు మాత్రం మీరు ఇంకా జవాబివ్వలేదు.

విశాఖవాసి:
మైక్రోసాఫ్ట్ సంగతో? విండోస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్సులు అప్పటికే చేతిలో ఉన్న సంస్థలకు తన క్లౌడ్ సేవ అజూర్‌ను అమ్మింది. దాన్ని సాంకేతికత అంటారా, పాత పరిచయం అంటారా?

మేఘమాల:
పాతసర్వర్ గారూ, మీ కోపం 9 సెంట్ల మీద కాదు, మీ సర్వర్ గదికి తాళం వేసినందుకు. ఆ మాటే నేరుగా చెప్పవచ్చు.

పాతసర్వర్:
వేశారు, మా ఉద్యోగాలూ పోయాయి. దాచవలసిన అవసరం నాకు లేదు. అయితే ఇప్పుడు ఆ సంస్థలో బ్యాకప్ నుండి డేటాబేసును తిరిగి నిలబెట్టగలవారు ఒక్కరూ లేరు. 2025 అక్టోబరు 20న ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ కేంద్రాల్లో డేటాబేసు సేవ డైనమోడీబీకి డీఎన్ఎస్ (పేరును బట్టి యంత్రం చిరునామా చెప్పే వ్యవస్థ) చిక్కు వచ్చి ఎన్నో సేవలు గంటల తరబడి నిలిచిపోయినప్పుడు, అలాంటి సంస్థలు సేవలు నడుస్తున్నాయో లేదో చూపే అమెజాన్ స్టేటస్ పేజీ చూస్తూ కూర్చోవడం తప్ప ఏం చేయగలవు? మీరు అమ్మినవాడి గెలుపును కొలుస్తున్నారు. నేను కొన్నవాడి చేతిలో ఏ విద్య మిగిలిందని అడుగుతున్నాను.

మేఘమాల:
పదిమంది ఉన్న మా సంస్థకు ఆ విద్య ఎన్నడూ లేదు. రాత్రి డిస్కు పోతే తెల్లవారేదాకా చూసే దిక్కు ఉండేది కాదు. మీ గదిలో ఉండిన నైపుణ్యం ప్రతిచోటా ఉండేదనుకుని మీరు లెక్క వేస్తున్నారు. లేనిచోట పోయేదేముంది?

పాతసర్వర్:
నేర్చుకునే అవకాశం.