తెలివైనవాడు, తెలిసినవాడు

ప్రశ్న: ఒక కథ అనువదిస్తున్నాను. అందులో ఒకావిడ బుర్ర పాదరసం, కానీ ఆమెకు పెద్దగా ఏమీ తెలియదు. మొదటిదానికి ‘తెలివి’ సరిపోయింది. రెండోదానికి మాట దొరకడం లేదు. ‘జ్ఞానం’ అంటే ఆవిడకు కాషాయం కట్టబెట్టినట్టు ఉంది.

జవాబు: న్యాయంగా ఆ చోటు ‘తెలిసినవాడు’ది. తెలివైనవాడు, తెలిసినవాడు ఇద్దరూ ‘తెలియు’ కడుపున పుట్టినవాళ్ళే. కానీ రెండోవాడి ఇంట్లో పరిచయస్థుడు చేరి కూర్చున్నాడు. ‘రిజిస్ట్రేషన్ ఆఫీసులో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?’ అంటే పండితుల కోసం అడుగుతున్నారని ఎవరూ అనుకోరు! అందుకే జనం ‘ఆయన దగ్గర విషయం ఉంది’ అంటారు. నా ఓటు దానికే. గంభీరంగా కావాలంటే ‘బహుశ్రుతుడు’ ఉంది, చాలా విన్నవాడని అర్థం. చదువంతా చెవిన పడిన కాలపు మాట.

అసలు ‘తెలివి’ మొదట బుర్ర చురుకు కాదు. ‘తెలి’ అంటే తెల్లని, స్వచ్ఛమైన. తెల్లవారడం, తేట, తేరుకోవడం ఆ కుటుంబంలోవే. వానాకాలంలో మా అమ్మమ్మ బిందె లోపలి అంచున చిల్లగింజ అరగదీసి బురదనీళ్ళు పోసేది. కాసేపటికి మడ్డి అడుక్కు దిగి పైన తేట నిలిచేది. ‘నీళ్ళు తేరుకున్నాయి, ముంచుకో’ అనేది. ఎవరైనా సొమ్మసిల్లి పడితే ముఖాన నీళ్ళు చల్లి ‘తెలివి వచ్చిందా?’ అని అడిగేదీ ఆవిడే. రెండుచోట్లా కలక తీరడమే.

ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి పద్యం చూడండి: ‘తెలివి యొకింత లేనియెడ దృప్తుఁడనై కరిభంగి సర్వమున్ దెలిసితి నంచు...’ ఏమీ తెలియని రోజుల్లో ఏనుగులా (‘కరిభంగి’) అంతా తెలుసనుకున్నానని. సంస్కృత మూలంలో ఉన్న మాట ‘కించిజ్ఞ’, కొంచెమే తెలిసినవాడు. ఆ ‘జ్ఞ’కు కవి వేసిన తెలుగు ‘తెలివి’. అంటే 18వ శతాబ్దిలో ఈ మాట ఎరుకకు కూడా చెల్లింది. ఇప్పటి పిల్లలు ‘నాకు బుర్ర లేనప్పుడు’ అని చదువుకుంటారు. అలాగైతే పద్యం నడవదు. తర్వాతి పాదాల్లో పండితుల సన్నిధిలో కొంత తెలుసుకున్నాక ఆ గర్వం పోయిందంటాడు. వాళ్ళ దగ్గర కూర్చుంటే ఎరుక పెరుగుతుంది గానీ బుర్ర కొత్తగా మొలుస్తుందా?

మరొకరు: మాకు బడిలో ‘తృప్తుడనై’ అని చెప్పారండీ. ఉన్నదానితో తృప్తిపడ్డాడట.

జవాబు: ‘యెడన్’ తర్వాత తృప్తుడు వచ్చినా సరళాదేశంతో (నకారం తర్వాత ‘త’ ‘ద’గా మారే సంధితో) ‘దృప్తుడే’ అవుతాడు, కాబట్టి అచ్చయిన పద్యం చూసి తేల్చలేం. మూలం తేలుస్తుంది: ‘ద్విప ఇవ మదాంధః’, ఏనుగులా మదంతో కళ్ళు మూసుకుపోయినవాడని. మదమెక్కిన ఏనుగు తృప్తిగా ఉండదు కదండీ. దృప్తుడంటే గర్వి.

ఇంకొకరు: మరి పాలు పొంగిపోతే మా అమ్మ ‘ఆమాత్రం జ్ఞానం లేదా?’ అనేది. అది ఏ జ్ఞానం?

జవాబు: అది ఇంగితజ్ఞానం. ఇంగితమంటే ఎదుటివాళ్ళ మనసులోని మాటను పట్టించే కదలిక. పాలగిన్నెకు మనసెక్కడిది అని మాత్రం మీ అమ్మగారిని అడగకండి.

ప్రశ్న అడిగినవారు: ‘ఆవిడకు తెలివి ఉంది, విషయం లేదు’ అని రాసేశాను. ‘విషయం లేదు’ అంటే పని లేదని అర్థమవుతోందని ఇంట్లో అప్పుడే అభ్యంతరం వచ్చింది.