‘మా తాతలు నేతులు తాగారు’: సామెత దెప్పేది దేన్ని?

కావలి సభ్యుడు:
వంశం గొప్ప చెప్పుకునేవాళ్లను ‘వాళ్ల తాతలు నేతులు తాగారంట’ అని తీసిపారేస్తారు. పూర్తి సామెత ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’. ఇది వంశాభిమానాన్నే తప్పుపడుతోందా? ఒక్క నెయ్యికి ‘నేతులు’ అనే బహువచనం ఎందుకు?

ఒంగోలు సభ్యురాలు:
ముందు బహువచనం సంగతి. నుయ్యి-నూతులు, గొయ్యి-గోతులు, నెయ్యి-నేతులు, అన్నీ ఒకే దారి. పైగా తాతలు, నేతులు, మూతులు వరసగా పలికి చూడండి. మూడింటా మొదటి అక్షరం గురువు, రెండోది తకారం. పద్యంలో ప్రాసకు పాటించే నియమమే ఇది. ‘నెయ్యి తాగారు’ అంటే ఆ బిగి ఊడిపోతుంది. ‘తాగారు’ కూడా ఊరికే పడలేదు. అన్నంలో చుక్క వేసుకోవడం వేరు, గిన్నె ఎత్తి తాగేంత పాడి ఉండటం వేరు.

ఇక అభిమానం మాట. తాతలు తాగలేదని సామెత ఎక్కడా అనదు, తాగే ఉండొచ్చు. ఆ ఆనవాలు మనవడి మూతి మీద చూడమనడాన్నే దెప్పుతోంది. ముత్తాత పేరు అడిగితే తడుముకునేవారు ఆయన వైభవం చెబితే ఈ సామెత తగలక మానదు.

కావలి సభ్యుడు:
ఇంటిపేరు ఉందిగా అండీ, అది రుజువు కాదా?

అద్దంకి సభ్యుడు:
ఊరిపేరుతో వచ్చిన ఇంటిపేరు చాలావరకు వదిలివచ్చిన ఊరిని చెబుతుంది. కందుకూరులో ఉన్నంతకాలం అందరూ కందుకూరువాళ్లే, ఎవరినీ ప్రత్యేకించి ‘కందుకూరి వారు’ అనే పని పడదు. పొలిమేర దాటాకే ఆ పేరు అతుక్కుంటుంది. వీరేశలింగం పంతులుగారు 1848లో రాజమహేంద్రవరంలో పుట్టారు. వాళ్ల పెద్దలు మన కందుకూరు నుంచి వెళ్లారు కాబట్టి కందుకూరి వారయ్యారు. అయితే ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో, గోత్రాల్లో కనిపిస్తుంది. పేరు కలిసిందని శాసనంలోని సేనానిని తెచ్చి మన వంశవృక్షానికి అంటుకట్టడం దయచేసి మానాలి.

తర్పణాలు వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు నోటికి వస్తాయి. తల్లివైపు కూడా మూడు తరాలు చెబుతారు. ఆ పైకి వెళ్లాలంటే కాగితాలు కావాలి.

ఒంగోలు సభ్యురాలు:
కాగితాల్లో మొదట పాత దస్తావేజులు. క్రయపత్రంలో అమ్మినవారి పేరు పక్కనే తండ్రి పేరు, కాపురం ఉన్న ఊరు రాస్తారు, అంటే ఒక్క పత్రానికి రెండు తరాలు. అన్నదమ్ముల పారీఖత్తు, అంటే ఆస్తి పంపకాల పత్రం, దొరికితే ఇంకా మేలు, వాటాదారులందరూ ఒకే కాగితం మీదికి వస్తారు. ఇంట్లో లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టాలి. దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిస్తే వెతకడం తేలిక. ఇనాం భూమి, అంటే పాలకులు మాన్యంగా ఇచ్చిన భూమి, ఉన్న కుటుంబాలకు ఇనాం ఫెయిర్ రిజిస్టర్ ఉంది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ రాయించింది. అప్పటి అనుభవదారు పేరు, మొదట ఇనాం పొందినవారితో చుట్టరికం అందులో ఉంటాయి.

ఎక్కువమంది తప్పేది జిల్లా దగ్గర. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాది, తర్వాత గుంటూరుది, 1970 నుంచి కొత్త జిల్లాది. ఆ జిల్లాకు ప్రకాశం పేరు 1972లో వచ్చింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరువే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. కాగితం ఏ ఏటిదో చూసుకుని, అప్పటి జిల్లా పేరుతో అడగండి.

అద్దంకి సభ్యుడు:
ఇంకో చిక్కుంది. మనవడికి తాత పేరు పెట్టడం మన అలవాటు. రామయ్య కొడుకు వెంకయ్య, వెంకయ్య కొడుకు మళ్లీ రామయ్య. ఇద్దరు రామయ్యల్ని ఒకరనుకుంటే రెండు తరాలు గల్లంతు. ప్రతి పేరు పక్కన దస్తావేజు సంవత్సరం రాయండి. రెండు పత్రాల మధ్య యాభై, అరవై ఏళ్లు తేడా ఉంటే ఇద్దరేమో అని అనుమానించి, తండ్రి పేరు సరిచూడండి.

కావలి సభ్యుడు:
మరి అవ్వల పేర్లు? దస్తావేజుల్లో అంతా మగవాళ్లే కదా.

ఒంగోలు సభ్యురాలు:
పసుపుకుంకుమ కింద భూమి ఇచ్చిన పత్రాలు చూడండి. నోటిమాటతో ఇచ్చినవే ఎక్కువ గానీ, రాతకోతలు జరిగి ఉంటే ఆడపడుచు పేరుతోపాటు తండ్రి పేరు, భర్త పేరు, రెండు ఊళ్లూ ఒక్కచోట దొరుకుతాయి. నకలు అడిగేటప్పుడు పుట్టింటి ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ కిందికి వస్తుందో ముందు కనుక్కోండి. భూమి అక్కడే ఉంటుంది కాబట్టి అత్తింటి ఊరి ఆఫీసులో వెతికితే దొరకదు.