బరకా, నైసా?

మొన్న జంతికలకని పిండిమరకి శనగపప్పు పట్టుకెళ్లాను. మరాయన డబ్బా అందుకుంటూ "బరకా, నైసా?" అన్నాడు. నైసే అన్నాను. ఆడించాక చిటికెడు పిండి తీసి, బొటనవేలితో నలిపి మరీ చూపించాడు. ఇంటికొచ్చే దారంతా ఇదే ధ్యాస: "బాగుంది" అనాల్సిన నైస్ పిండిలోకి ఎలా దూరింది?

పిండితో ఆగలేదు కూడా. "బిల్లు వచ్చేసరికి నైసుగా జారుకున్నాడు" అంటాం. "నాన్నని నైసు చేసి వెయ్యి లాగింది" అంటాం. ఇందులో మెచ్చుకోలు ఏముంది? దెప్పడమే.

తప్పుగా వాడుతున్నామనే వాళ్లు ఒకసారి ఆ మాట పుట్టిల్లు చూడాలి. లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. 'నె' అంటే కాదు, 'స్కీరె' అంటే తెలియడం. అది ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషుకి చేరింది. అప్పట్లో ఎవరినైనా నైస్ అంటే తెలివితక్కువవాడని తిట్టినట్టే! సైన్స్ అనే మాటకీ మూలం ఆ 'స్కీరె'యే. తెలిస్తే సైన్స్, తెలియకపోతే నైస్ అన్నమాట.

ఆ తర్వాత ఇది తిరగని గుమ్మం లేదు. కొన్నాళ్లు విచ్చలవిడితనం, కొన్నాళ్లు అతిసిగ్గు, ఆపైన ప్రతిదానికీ వంక పెట్టే సుకుమారం. 16వ శతాబ్దానికి సూక్ష్మం, నిశితం అనే అర్థం వచ్చింది. రెండు విషయాల మధ్య వెంట్రుకవాసి తేడాని 'నైస్ డిస్టింక్షన్' అనడం ఇప్పటికీ ఉంది. "బాగుంది" అనే అర్థం స్థిరపడింది 18వ శతాబ్దంలోనే. అప్పుడిక పగ్గాల్లేవు. జేన్ ఆస్టిన్ నవల 'నార్తాంగర్ ఆబీ'లో కేథరిన్ ఒక పుస్తకాన్ని నైస్ అంటే, హెన్రీ ఆటపట్టిస్తాడు: ఈ రోజూ నైసే, మన నడకా నైసే, మీరిద్దరమ్మాయిలూ నైసే అని.

మరాయన నైస్ ఆ పాత 'సూక్ష్మం' నుంచే వచ్చిందని నేననను. మనకి నున్నన, మెత్తన ఎలాగూ ఉన్నాయి, వాటి పక్కన ఇదీ వచ్చి కూర్చుందని నా ఊహ. నున్నగా ఉన్నది జారుతుంది కదా, జారుకునేవాడికీ అదే మాట అంటుకుని ఉంటుంది.

మాటలు ఇలా తలకిందులవడం మనకేం కొత్త? పాత తెలుగులో కంపు అంటే సువాసన కూడా. కన్నడంలో ఇప్పటికీ పరిమళమే. ఇవాళ మనింటికొచ్చిన చుట్టంతో "మీ పూలు కంపు కొడుతున్నాయి" అని చూడండి!

తా.క.: ఫ్రాన్స్‌లోని ఊరి పేరు కూడా ఇదేనా అని ఒకరు అడిగారు. స్పెల్లింగు ఒకటే, చుట్టరికం లేదు. దాన్ని 'నీస్' అంటారు. గ్రీకుల 'నికాయా' నుంచి వచ్చింది, విజయదేవత నైకీ పేరు మీద.

ఇంతకీ మీ వైపు మరలోనో గిర్నీలోనో ఏమని అడుగుతారు? నైసా, మెత్తగానా?