చర్చ: పెద్ద శబ్దానికి ముందు పోయేవి ఏ శ్రవణ నాడీ తంతువులు? ఎలుక ఒకటి చెబుతోంది, గినీపిగ్ ఇంకొకటి

చెవివిద్యార్థి:
2009లో కుజావా, లిబర్‌మన్ అనే పరిశోధకులు ఎలుకలకు (మౌస్) 100 డెసిబెల్స్ శబ్దం 2 గంటలు వినిపించారు. వినికిడి మళ్ళీ మామూలైంది, హెయిర్ సెల్స్ (శబ్దాన్ని పట్టే లోపలి చెవి కణాలు) కూడా పోలేదు. కానీ ఎక్కువ ఫ్రీక్వెన్సీ వైపు సినాప్సులు (ఆ కణాలకూ నాడీ తంతువులకూ మధ్య ఉండే అతుకులు) మాత్రం సగం దాకా పోయాయి. ముందు పోయేవి ‘లో స్పాంట్’ (శబ్దం లేనప్పుడు తమంతట తాము తక్కువగా స్పందించే) తంతువులే అని మాకు క్లాసులో చెప్పారు. హియరింగ్ టెస్ట్ నార్మల్ వచ్చినా గోలలో మాట అర్థం కాకపోవడానికి కారణం ఇదేనని కూడా అన్నారు. ఇది ఖాయమేనా?

గాజుసూది:
నేను ఖాయం అనను. నేను రికార్డింగ్ చేసేవాణ్ణి. గాజు ఎలక్ట్రోడ్ తంతువుకు తగలగానే, గదిలో ఏ శబ్దం లేకపోయినా, స్పీకర్‌లో దాని సంకేతాలు టపటపమని వినిపిస్తాయి. కొన్ని తంతువులు సెకనుకు యాభై అరవైసార్లు కొట్టుకుంటాయి. కొన్ని దాదాపు మౌనంగా ఉంటాయి, గట్టి శబ్దం పెడితేగాని లేవవు. ఈ రెండోవే లో స్పాంట్. అందుకే అవి పోయినా మెల్లని శబ్దాలతో చేసే టెస్టులో తెలియదు.

శబ్దానికి ఇవే ఎక్కువగా పోతాయని 2013లో తేలింది గినీపిగ్‌లో. 2021లో సుతాకర్, లిబర్‌మన్ ఎలుకలో అదే పని చేస్తే సినాప్సులు సగం పోయినా రెండు రకాల నిష్పత్తి మారలేదు. పైగా గినీపిగ్‌లో సినాప్సులు చాలావరకు తిరిగి వస్తాయి, ఆ ఎలుకల్లో రావు. రెండిటినీ కలిపి ఒకే కథగా పాఠం చెప్పడం నాకు తప్పనిపిస్తుంది.

రాత్రిచదువు:
ఒప్పుకోను. జెర్బిల్‌ని (ఎలుకలాంటి చిన్న ఎడారి జంతువు) ఎందుకు వదిలేశారు? నిశ్శబ్దంలో పెంచిన ముసలి జెర్బిల్స్‌లో, 6 కిలోహెర్ట్జ్ పైన, లో స్పాంట్ తంతువులే తగ్గాయని 1996లోనే ష్మీట్ బృందం చూపింది. తక్కువ ఫ్రీక్వెన్సీలు మనలాగే బాగా వినే జంతువు అది. ఎలుకకు 1 కిలోహెర్ట్జ్ దగ్గర వినిపించడమే కష్టం. మనిషి గురించి మాట్లాడేటప్పుడు నేను జెర్బిల్ మాటే ముందు వింటాను.

గాజుసూది:
జెర్బిల్ మంచి సాక్షే, కాదనను. కానీ అక్కడ కారణం వయసు, శబ్దం కాదు. మనిషి విషయానికొస్తే, చనిపోయినవారి టెంపోరల్ బోన్స్‌లో (లోపలి చెవి ఉండే కపాలపు ఎముకల్లో) వయసుతో హెయిర్ సెల్స్ కంటే నాడీ తంతువులే ఎక్కువగా తగ్గినట్టు కనిపిస్తోంది. అయితే ఎముకలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టగలం, బతికుండగా ఏది ఎంత వేగంగా కొట్టుకునేదో అది చెప్పదు. చెవివిద్యార్థీ, పరీక్షలో రాసేటప్పుడు ‘గినీపిగ్‌లో’ అన్న మాట మాత్రం వదలకండి.