పలికించు విభుండా, పలికించెడివాఁడా?

గణయతి: పోతన "పలికెడిది భాగవతమఁట" కందపద్యం రెండో పాదం "పలికించు విభుండు రామభద్రుండఁట" అని నోటికుంది. పుస్తకంలో "పలికించెడివాఁడు" అని కనిపించింది. గణాలు (గురులఘువుల గుంపులు) చూసి తేల్చుకుందామని క్యూటీలో (ప్రోగ్రాముల కిటికీలు, పెట్టెలు కట్టే సాఫ్ట్‌వేర్ సామగ్రి) రాస్తున్న ఛందస్సు టూల్‌లో టైపు చేస్తే, 12 రావాల్సిన మొదటి పాదానికే 13 మాత్రలంటోంది (లఘువుకు ఒకటి, గురువుకు రెండు)! లెక్కంతా లైన్‌ఎడిట్ (ఒక వరుస రాసే పెట్టె) కీప్రెస్ ఈవెంట్‌లో (కీ నొక్కగానే నడిచే కోడ్‌లో) ఉంది.

నలజగణం: ఛందస్సు తేల్చదండీ. పలికిం–చువిభుం–డురామ, పలికిం–చెడివా–డురామ. సగణం (రెండు లఘువులు, ఒక గురువు) చోట సగణమే, ప–భ యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్య అక్షరానికీ మైత్రి) రెండింటికీ ఒకటే. 13 మాత్రలకు కారణం, అరసున్నను (ఁ) నిండుసున్నలా (ం) లెక్కేయడం. "వతమఁట" నాలుగూ లఘువులే. మఁ గురువైతే ఒకటి పెరుగుతుంది. రెండో పాదంలోనూ "డఁట" దగ్గర 21 వస్తుంది చూడండి. యూనికోడ్‌లో అరసున్న 3073, నిండుసున్న 3074 (దశాంశంలో). విడదీయండి.

ఇన్‌స్క్రిప్ట్: అంతకంటే ముందు కీప్రెస్ నుంచి లెక్క తీసేయండి. అది అందేసరికి అక్షరం ఇంకా పెట్టెలో పడదు కాబట్టి లెక్క ఒక కీ వెనకబడుతుంది. లైనక్సులో ఐబస్ (భాషల టైపింగును నడిపే ప్రోగ్రాము) ద్వారా ఆర్‌టీఎస్ (ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) కొడితే, కూర్పులో ఉన్న అక్షరం ప్రీఎడిట్‌గా ఉండి, ఖాయమయ్యాక ఇన్‌పుట్ మెథడ్ ఈవెంట్‌లో కమిట్ స్ట్రింగ్‌గా వస్తుంది. కీప్రెస్‌ను నమ్ముకుంటే అది దక్కదు. లెక్కను, పెట్టెలో రాత మారినప్పుడల్లా వచ్చే టెక్స్ట్‌ఛేంజ్‌డ్ సిగ్నల్‌కు కట్టండి. పేస్టు చేసినా పనిచేస్తుంది. ఈజ్‌లెటర్‌తో (లెటరా కాదా అని చూసే ఫంక్షన్) వడపోత పెట్టారా? గుణింతాలు, సున్నలు, పొల్లు అన్నీ రాలిపోతాయి. అవి లెటర్లు కావు, మార్కులు. ఈజ్‌మార్క్ కూడా ఒప్పుకోవాలి.

పోతనప్రియ: కీల గోలలో పద్యం పక్కకుపోయింది. "పలికెడిది" తర్వాత "పలికించెడివాఁడు"... ఆ "ఎడి" మళ్లీ మోగడంలో ఉంది పోతన చెవి. నా ఓటు దానికే.

నలజగణం: ఆ మోతే నాకు అనుమానం. చెవికింపుగా ఉందని తర్వాతివాళ్లు దిద్ది ఉండొచ్చు. "విభుండు"లో ఉన్న బరువు "వాఁడు"లో ఏది?

పోతనప్రియ: బరువెందుకండీ, చనువు కావాలి అక్కడ. రాముణ్ణి "వాఁడు" అనగలిగినవాడే ఆ వెంటనే "నేఁ బలికిన" అనగలడు.

ఇన్‌స్క్రిప్ట్: "నేఁ బలికిన" అంటే గుర్తొచ్చింది. వెతుకుడు పెట్టెలో "పలికిన" కొడితే ఇది దొరకదు, ద్రుతం (పదం చివరి నకారం) వల్ల ప కాస్తా బ అయింది. ఇలాంటి మార్పులను, అంటే సరళాదేశాలను, వెనక్కి తిప్పి కూడా వెతికించాలి.

గణయతి: 3073కు మాత్ర తీసేస్తే 12, 20 సరిగ్గా వస్తున్నాయి. పాఠం సంగతి మాత్రం అలాగే ఉంది. వ్యాఖ్యాతలు ఏ పాఠం తీసుకున్నారో ఎవరైనా చెప్పగలరా?