‘శాంపిల్’కి ‘మచ్చు’ సరిపోతుందా? ‘టాక్సిక్’లో ఉన్నది బాలు పాటేనా?

ప్రశ్న (అనువాదకురాలు)

‘బ్రిట్నీ స్పియర్స్ టాక్సిక్ మన బాలు పాటకు కాపీ.’ ఈ మాట తెలుగులో చాలాచోట్ల కనబడుతుంది. జరిగింది వేరు. 1981లో వచ్చిన హిందీ సినిమా ‘ఏక్ దూజే కే లియే’లో లతా మంగేష్కర్, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘తేరే మేరే బీచ్ మే’ ఉంది కదా, ఆ రికార్డింగులో వయొలిన్లు వాయించిన చోటు నుంచి చిన్న ముక్క కోసి, దాన్ని ఆధారం చేసుకుని ‘టాక్సిక్’ కట్టారు. సింగిల్‌గా వచ్చింది 2004 జనవరిలో. ఇంగ్లీషులో దీన్ని శాంపిల్ అంటారు. తెలుగులో ‘మచ్చు’ అంటే చెల్లుతుందా? ‘నమూనా’ నయమా? ‘కాపీ’ అని మాత్రం రాయబుద్ధి కావడం లేదు.

జవాబు (నిఘంటువులు తిరగేసేవారు)

‘మచ్చు’కే నా ఓటు. ‘నమూనా’ ఫారసీ నుంచి వచ్చింది, అదేం తప్పు కాదు గానీ దాని అర్థం మాదిరి వైపు జరిగిపోయింది. ఇల్లు కట్టకముందు గీసేది నమూనా. దరఖాస్తు ఎలా నింపాలో చూపేది నమూనా. మచ్చు అలా కాదు. బియ్యం బస్తాకు మొనదేలిన ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు బయటికి తీస్తే ఆ గుప్పెడు మచ్చు. అది ఆ బస్తాలోని బియ్యమే, బియ్యంలాంటిది కాదు. ఇక్కడ కావలసిన తేడా సరిగ్గా ఇదే. పాత రికార్డింగులాంటిది తయారుచేయలేదు, ఆ రికార్డింగులోంచే తీశారు. ‘మచ్చుతునక’, ‘మచ్చుకైనా లేదు’ అనే వాడుకలు బతికే ఉన్నాయి కాబట్టి పాఠకుడికి అర్థం కాదన్న బెంగ అక్కర్లేదు.

జవాబు (మిక్సింగ్ చేసేవారు)

బియ్యం పోలిక బాగుందండీ, సగం దాకా ఒప్పుకుంటాను. మచ్చు తీసేది మొత్తం సరుకు ఎలాంటిదో తేల్చడానికి. పాటలో వాడే శాంపిల్‌కు ఆ పని లేదు. ‘టాక్సిక్’లోని వయొలిన్ల ముక్క విని ‘తేరే మేరే బీచ్ మే’ ఎలా ఉంటుందో ఎవరూ ఊహించలేరు. అది నెమ్మదైన ప్రేమపాట. ఇది నిమిషానికి 143 కొట్టుల (బీట్ల) పరుగు.

ఇంకో చిక్కు ఉంది. సంగీతంలోకి శాంపిల్ అనే మాట బియ్యం మచ్చు దారిన రాలేదు, కొలత దారిన వచ్చింది. ధ్వని తరంగాన్ని అంకెల్లోకి మార్చేటప్పుడు సెకనులో ఇన్నిసార్లు అని దాని ఎత్తు కొలుస్తారు. ఒక్కో కొలత ఒక శాంపిల్. సీడీలో సెకనుకు 44,100. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ యంత్రం నిజమైన ధ్వనిని ఇలా నింపుకుని మీటల మీద వాయించనిచ్చింది. అలా నింపుకున్న ముక్కకూ, దాన్ని కొలిచిన ఒక్కో అంకెకూ ఒకే పేరు స్థిరపడింది. 143 వేగంలో ఒక కొట్టు నిడివి 0.42 సెకను. అందులో కొలతలు 18,503. అంటే ఒక కొట్టంత పొడవున్న శాంపిల్‌లో 18,503 శాంపిళ్లు! ఇంగ్లీషువాళ్లు సందర్భాన్ని బట్టి నెట్టుకొస్తారు. మనకు ఆ ఇబ్బంది ఎందుకు? కొలతను ‘శాంపిల్’గానే ఉంచి, ముక్కకు ‘మచ్చు’ అంటే రెండూ విడివిడిగా నిలబడతాయి. నేను మచ్చుకు ఒప్పుకునేది ఈ కారణంతో, బియ్యం కారణంతో కాదు.

ప్రశ్న (అనువాదకురాలు)

ముక్కను ‘కోస్తారు’, ‘అతుకుతారు’ అని రాస్తే తప్పు లేదు కదా? చేసే పని నిజంగా అదేనా?

జవాబు (మిక్సింగ్ చేసేవారు)

అదేనండీ. కోయడం, అతకడం, తిప్పడం, మూడూ రాయండి. తిప్పడం అంటే ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చేలా చేయడం.

కోత తరంగం సున్నా గీతను దాటే చోట పడాలి. లేకపోతే అతుకు దగ్గర ‘టక్’మంటుంది. అప్పటికీ వినబడితే ముక్కకు రెండు కొసల్లో 5 నుంచి 10 మిల్లీసెకన్ల పాటు శబ్దాన్ని సన్నగిలజేస్తే పోతుంది. తర్వాత వేగం. పాత రికార్డింగు వేగం 120 అనుకుందాం, కొత్తది 143. టేపు తిప్పినట్టు ఊరికే వేగం పెంచితే శ్రుతి కూడా ఎక్కుతుంది. ఎంత? ఈ లెక్కకు దాదాపు మూడు స్వరస్థానాలు. శ్రుతి కదలకుండా వేగమే మార్చే పద్ధతులు ఉన్నాయి గానీ వయొలిన్ల గుంపు మీద ఎక్కువ లాగితే తీగ మొరపు పోయి నీళ్లలో మునిగిన శబ్దంలా వస్తుంది. అందుకని చాలామంది కావాలనే శ్రుతిని ఎక్కనిచ్చి, కొత్త పాటనే ఆ శ్రుతికి కడతారు.

బయటివాళ్లు ఊహించని కష్టం మరొకటి. ఆ కాలం సినిమా పాటలు నిండు వాద్యబృందం కూర్చుని వాయించినవి. మనుషుల చేతి తాళం కాబట్టి వేగం ఒక చరణంలోనే అటూ ఇటూ కొద్దిగా జరుగుతుంది. నాలుగు కొట్టుల ముక్కను అలాగే తిప్పితే నాలుగో తిరుగుడుకల్లా యంత్రం డ్రమ్ముతో ఎడం తెలుస్తుంది. కొట్టు కొట్టుకూ కోసి, ఒక్కోదాన్నీ దాని గడిలో కూర్చోబెట్టాలి. టేపు శ్రుతి కూడా నేటి పియానో శ్రుతికి కచ్చితంగా కలవదు. స్వరస్థానాన్ని వంద సెంట్లుగా భాగిస్తే 20, 30 సెంట్లు సర్దాల్సి వస్తుంది. చివరగా, ముక్కలో 200 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదాన్ని తీసేయాలి. పాత బేసు కొత్త బేసుతో కలిస్తే బురదే.

‘కాపీ కొట్టడం’ అనే మాటలో ఈ పనంతా కనబడకుండా పోతుంది.

జవాబు (పద్యం, అవధానం వైపువారు)

మన దగ్గర ఇలాంటిది సమస్యాపూరణం కదా? ఒక పాదం ఇంకొకరిది, మిగతా మూడు మనవి. ‘పూరణం’ అనే మాటను ఇటు తెచ్చుకోవచ్చేమో.

జవాబు (నిఘంటువులు తిరగేసేవారు)

ఆలోచన బాగుంది, కానీ కుదరదు. సమస్యలో మాటలు తీసుకుంటాం, గొంతు మనదే. ఇక్కడ తీసుకున్నది 1981లో ఆ వయొలిన్లు చేసిన శబ్దాన్నే. మీ పోలిక ఇంగ్లీషులో ఇంటర్‌పొలేషన్ అనేదానికి సరిపోతుంది. పాత రికార్డింగును ముట్టుకోకుండా వరసను మళ్లీ పాడించి, వాయించి వాడుకోవడం అది. అరియానా గ్రాండే ‘7 రింగ్స్’ (2019) అలాంటిదే. ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ నాటకంలోని పాట వరసను తాను మళ్లీ పాడింది.

ఒక హెచ్చరిక. ఆ ఇంగ్లీషు మాట చూడగానే ‘ప్రక్షిప్తం’ అని రాసేస్తారు, రాయకండి. ప్రక్షిప్తం అంటే పాత కావ్యంలోకి తర్వాతివాళ్లు చొప్పించినది. ఇక్కడ దిశ తిరగబడింది. పాతదే కొత్తదానిలోకి వచ్చింది. దీనికి మనకు ఎప్పటినుంచో ఉన్న మాట ‘వరస’. భజన పాటల పుస్తకాల్లో పాట నెత్తిన ‘ఫలానా పాట వరస’ అని అచ్చు వేస్తారు, పాత పుస్తకాల్లో ‘మట్టు’ అని కూడా. అప్పు తెచ్చుకున్నది ఎక్కడినుంచో మొదటి గీతలోనే చెప్పేసే మంచి పద్ధతి.

జవాబు (కాపీరైట్ కేసులు చూసేవారు)

గందరగోళమంతా ‘పాట’ అనే మాటలోనే ఉంది. తెలుగులో పాట అంటే సాహిత్యం, పాట అంటే బాణీ, పాట అంటే రికార్డింగు. 1957 కాపీరైట్ చట్టం ఈ మూడింటినీ మూడు వేర్వేరు ఆస్తులుగా చూస్తుంది. రికార్డింగు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు దాని హక్కు నడుస్తుంది. 1981 రికార్డింగుకైతే 2041 ఆఖరు వరకు. బాణీ హక్కు కూర్చినవాళ్లలో చివరివారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మచ్చు తీస్తే రికార్డింగు యజమాని అనుమతి, బాణీ యజమాని అనుమతి, రెండూ కావాలి. వరస మాత్రమే తీసుకుంటే మొదటిది అక్కర్లేదు. 31సి సెక్షను కింద అయిదేళ్లు దాటిన పాటకు కవర్ పాడుకోవచ్చని చెప్పి దాని మీద మచ్చు తీసేవాళ్లు పొరబడుతున్నారు. ఆ సెక్షను ఇచ్చేది కొత్తగా పాడి రికార్డు చేసుకునే వీలు, అదీ పాటను ఇష్టం వచ్చినట్టు మార్చకుండా.

యజమాని ఎవరన్నదీ చూసుకోవాలి. అమెరికన్ గాయని ట్రూత్ హర్ట్స్ పాడిన ‘అడిక్టివ్’ (2002)లో ‘జ్యోతి’ సినిమాకు బప్పీ లహరి కట్టిన లత పాటను వాడారు. ఆయన దావా వేశారు. చివరికి తేలింది, సినిమా కోసం కట్టిన ఆ బాణీ మీద కాపీరైట్ ఆయన చేతిలో లేదని. కాబట్టి ‘ఫలానా సంగీత దర్శకుడి అనుమతి తీసుకున్నారు’ అని అలవాటుగా రాయకండి. ‘హక్కుదారు’ అనండి చాలు.

ప్రశ్న (అనువాదకురాలు)

అయితే వాక్యం ఇలా మారుస్తాను: ‘లక్ష్మీకాంత్ ప్యారేలాల్ సంగీతంలో లత, బాలు పాడిన తేరే మేరే బీచ్ మే పాటలోంచి తీసిన మచ్చుతో టాక్సిక్ కట్టారు.’

జవాబు (మిక్సింగ్ చేసేవారు)

‘పాటలోంచి’ బదులు ‘పాట రికార్డింగులోని వయొలిన్ల నుంచి’ అనండి. ‘టాక్సిక్’లో బాలు గారి గొంతూ లేదు, లత గారి గొంతూ లేదు. ‘బాలు పాట’ అని చదివినవాళ్లు ఆయన గొంతు కోసం వెతుక్కుంటారు.

జవాబు (పద్యం, అవధానం వైపువారు)

ఆ పేరు తీసేయకండి మరి. ఆ సినిమా మన ‘మరో చరిత్ర’ (1978)కు బాలచందర్ గారే హిందీలో చేసిన రూపం. దానిలో పాడినందుకే బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది. రెండో వాక్యంగా పెట్టండి.

ప్రశ్న (అనువాదకురాలు)

సరేనండీ. ‘లక్ష్మీకాంత్ ప్యారేలాల్ సంగీతం కూర్చిన తేరే మేరే బీచ్ మే రికార్డింగులోని వయొలిన్ల నుంచి కోసిన మచ్చుతో టాక్సిక్ కట్టారు. ఆ పాటను లతా మంగేష్కర్‌తో కలిసి పాడినవారు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం.’ ‘మచ్చు’ మొదటిసారి వచ్చినచోట పక్కనే ‘శాంపిల్’ అని కూడా వేస్తాను, తర్వాత మచ్చు ఒక్కటే.