ఆర్‌పీఈ పొర (రెటీనాకి వెనక ఆనుకుని ఉండే కణాల వరుస) అంతా ఆకుపచ్చగా వెలుగుతోంది, ఫోటోరిసెప్టర్లలో (వెలుగుని పట్టే కణాల్లో) చుక్క కూడా లేదు. టాపిక్ మార్చుకోవాలా?

రెండో_ఏడు:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాది. నా పని స్టార్‌గార్ట్ జబ్బు మీద. ఏబీసీఏ4 జన్యువు దెబ్బతిని నడిచూపు పోయే జబ్బు ఇది. జన్యువుని కణంలోకి మోసుకెళ్ళే వైరస్, అంటే ఏఏవీ వెక్టర్‌లో దాదాపు 4.7 కిలోబేసులకి (వేల డీఎన్ఏ అక్షరాలకి) మించి పట్టదు, ఏబీసీఏ4 కోడింగ్ భాగమే 6.8 ఉంది. అందుకని మా గైడ్ వైరస్ జోలికే పోవద్దు, లిపిడ్ నానోపార్టికల్‌లో (సన్నటి కొవ్వు గుళికలో) బేస్ ఎడిటర్ (జన్యువులో ఒక్క అక్షరాన్ని మార్చే ప్రొటీన్) ఎమ్ఆర్ఎన్ఏ పెట్టి పంపుదాం అన్నారు. ఎడిటర్ కంటే ముందు జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్) ఎమ్ఆర్ఎన్ఏతో ట్రయల్ వేస్తున్నాను.

ఎనిమిది నెలలుగా ఇదే. ఏబీసీఏ4 లేని ముసలి ఎలుకల్లో రెటీనా కిందకి ఒక మైక్రోలీటర్ ఇస్తాను. 21వ రోజున కళ్ళు తీసి సెక్షన్లు కోస్తే ఆర్‌పీఈ ధగధగలాడుతూ ఉంటుంది. దాన్ని ఆనుకునే ఉన్న ఫోటోరిసెప్టర్లు మాత్రం నల్లగా ఉంటాయి. నాకు ఎడిటర్ చేరాల్సింది అక్కడికే. నాలుగు రకాల లిపిడ్లు మార్చాను, నాలుగింటికీ అదే బొమ్మ. పక్క బెంచీ అమ్మాయి జన్యువుని రెండు ముక్కలు చేసి రెండు ఏఏవీల్లో పంపి, లోపల ఇంటీన్లతో (ప్రొటీన్ ముక్కల్ని కలిపే భాగాలతో) అతికిస్తోంది. ఇంజెక్షన్ ప్రోటోకాల్ తన దగ్గరే తీసుకున్నాను. తనకి ఫోటోరిసెప్టర్లలో వస్తోంది. నేనూ అటు వెళ్ళిపోవాలా? నిద్ర పట్టడం లేదు.

గాజుపలక:
మాకూ ఇంతే. ఫోటోరిసెప్టర్లు రోజూ రాల్చే కొసల్ని మింగడమే ఆర్‌పీఈ ఉద్యోగం. పక్కన ఏది పడితే అది మింగేస్తుంది, మీ నానోపార్టికల్‌ని కూడా. ఏఏవీ పాతిక నానోమీటర్ల ముక్క, మీది బహుశా ఎనభై, వంద ఉంటుంది. పెగ్ లిపిడ్ (గుళిక పైన పూతలా ఉండేది) శాతం తగ్గించి చూడండి.

సన్నసూది:
పెగ్ సంగతి తర్వాత. ముందు ఆ 21 రోజులేంటో చెప్పండి. అది ఏఏవీ వాళ్ళ లెక్క. వైరస్ లోపలికి వెళ్ళి, విప్పుకుని, డీఎన్ఏ రెండు పోగులై, రెండు ముక్కల ప్రొటీన్లూ అతుక్కోవాలంటే వారాలు పడుతుంది కాబట్టి ఆ అమ్మాయి మూడు వారాలు ఆగుతోంది. మీది ఎమ్ఆర్ఎన్ఏ. ఒకట్రెండు రోజుల్లో ప్రొటీన్ బాగా కనిపిస్తుంది, ఆ తర్వాత రోజుల్లోనే తగ్గిపోతుంది. మూడు వారాల తర్వాత ధగధగలాడుతోందంటే నాకు సంతోషం కాదు, అనుమానం వస్తుంది.

పైగా మీరు వాడుతున్నది ఏబీసీఏ4 లేని ఎలుకలు, అందులోనూ ముసలివి. ఆ జన్యువు పనిచేయకపోతే విటమిన్ ఎ చెత్త పోగుపడి ఆర్‌పీఈలో లైపోఫ్యూసిన్‌గా పేరుకుంటుంది. జబ్బు గుర్తే అది కదా. దాని మీద నీలి కాంతి వేస్తే ఎవరూ ఏమీ ఇంజెక్ట్ చేయకపోయినా వెలుగుతుంది. లిపిడ్ నాలుగుసార్లు మార్చినా బొమ్మ మారలేదంటే అది మీ లిపిడ్ మాట వినడం లేదన్నమాట.

రెండు పనులు చేయండి. ఇంజెక్ట్ చేయని కన్ను అదే సెట్టింగ్‌లో చూడండి. తర్వాత అదే సెక్షన్‌ని ఎర్ర ఛానెల్‌లో చూడండి. జీఎఫ్‌పీ అక్కడ దాదాపు నల్లగా ఉంటుంది, లైపోఫ్యూసిన్ అయితే ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా అన్నిట్లోనూ మెరుస్తుంది.

నిద్ర పట్టకపోవడం నాకు తెలుసు. నాకు ఒక ఏడాది పోయింది, లిపిడ్ వల్ల కాదు, చేతి వల్ల. ఎలుక కన్ను మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, అందులో సగానికి పైగా లెన్సే. సూది దాని పక్కనుంచి దూర్చి, రెటీనాని చిల్లు పెట్టకుండా దాని కిందకి చేరాలి. నేను మందులో కొంచెం ఫ్లోరెసీన్ రంగు కలిపేదాన్ని. సరిగ్గా పడితే మైక్రోస్కోప్ కింద పసుపు బుడగ నెమ్మదిగా లేస్తుంది. పడకపోతే రంగు మొత్తం కన్నంతా పొగలా పరుచుకుంటుంది, లేదా సూది తీయగానే రంధ్రంలోంచి బొట్టుగా బయటికి వచ్చేస్తుంది. అలాంటి కళ్ళని కూడా లెక్కలో వేసుకుని, మందు పనిచేయడం లేదని రాసుకుంటూ కూర్చున్నాను. బుడగ ఎంత మేర లేచిందో ఆ పూటే నోట్‌బుక్‌లో గీయడం మొదలుపెట్టాకే డేటా దారికొచ్చింది. మీ నోట్‌బుక్‌లో ఆ బొమ్మలు ఉన్నాయా?

ఇక టాపిక్ మాట. నానోపార్టికల్ నిజంగానే ఆర్‌పీఈకే వెళ్తోందని తేలితే, బండిని తిట్టే ముందు సరుకు మార్చి చూడండి. ఆర్‌పీఈ65 జన్యువు పని చేసేది ఆర్‌పీఈలోనే. ఆర్‌డీ12 ఎలుకల్లో ఆ జన్యువులో ఒక్క అక్షరం మారి మధ్యలో స్టాప్ పడింది, అడెనిన్ బేస్ ఎడిటర్‌కి సరిపోయే తప్పు. ఈఆర్‌జీ (వెలుగుకి రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందన) గీత దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి కాస్త బాగుపడినా కంటికి కనిపిస్తుంది. ఆర్‌పీఈ65 లేకపోతే విటమిన్ ఎ చక్రమే నడవదు, లైపోఫ్యూసిన్ కూడా అక్కడ బాగా తక్కువ. మిమ్మల్ని మోసం చేసే మెరుపు ఉండదు.

రెటీనా_సర్జన్:
మనుషుల వైపు నుంచి ఒక మాట. ఆర్‌పీఈ65కి వెక్టర్ మందు ఇప్పటికే ఉంది, లక్స్‌టర్నా. అమెరికాలో 2017 డిసెంబర్‌లో అనుమతి వచ్చింది. కంటికి 0.3 మిల్లీలీటర్లలో 15 వేల కోట్ల వెక్టర్ జీనోములు, విట్రెక్టమీ చేసి (కంట్లోని జెల్లీ తీసేసి) రెటీనా కింద ఇస్తారు. కాబట్టి మీరు ఆ జన్యువు ఎంచుకుంటే 'ఉన్నదానికంటే ఇది ఎందుకు' అని వైవాలో తప్పకుండా అడుగుతారు. ఎడిటర్ కొద్ది రోజులే ఉండి మాయమవడం మంచిదే అన్నది మీ జవాబు.

విట్రియస్‌లోకి (ఆ జెల్లీలోకి) మామూలు ఇంజెక్షన్‌లా ఇచ్చేద్దామని మాత్రం ఎలుక ఫలితం చూసి తొందరపడకండి. రెటీనా లోపలివైపు పొర ఎలుకలో పలచన, మనిషిలో మందం. ఎలుకలో దాటినవి చాలా మనిషిలో ఆ గోడ దగ్గరే ఆగిపోతాయి.

నడిచూపు_లేనివాడు:
స్క్రీన్ రీడర్‌తో వింటున్నాను. నాది స్టార్‌గార్టే. నా రెండు ప్రతుల్లో రెండు వేర్వేరు మార్పులు ఉన్నాయని రిపోర్ట్ వచ్చింది. ఎడిటర్ అంటే ఒక్కో మార్పుకీ ఒక్కోటి తయారుచేయాలి కదండీ? మొత్తం జన్యువు పంపితే అందరికీ ఒకటే సరిపోదా?

సన్నసూది:
సరిపోతుందండీ, అందుకే రెండు ఏఏవీల వాళ్ళని నేను తక్కువ చేయను. ఏబీసీఏ4లో వెయ్యికి పైగా మార్పులు తెలుసు. కాకపోతే ఇది రిసెసివ్ జబ్బు, రెండు ప్రతుల్లో ఒకటి సరైనా చాలు. 1961వ స్థానంలో వచ్చే మార్పు చాలామందిలో కనిపిస్తుంది, అది ఎడిటర్ సరిచేయగల రకమే. మీ రిపోర్ట్‌లో ఆ అంకె ఉందేమో ఒకసారి వినండి.

రెండో_ఏడు:
ఎడమ కళ్ళు ఫ్రీజర్‌లోనే ఉన్నాయి, కోయలేదు. అవి కంట్రోల్ కదా, తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను. నిన్న రాత్రి మూడు కోశాను.

మూడూ వెలుగుతున్నాయి. కుడి కంటికీ ఎడమ కంటికీ తేడా చెప్పలేకపోయాను, స్లైడ్ మీద రాసిన అక్షరం చూసుకోవాల్సి వచ్చింది. ఎర్ర ఛానెల్‌లోనూ అదే మెరుపు. నోట్‌బుక్‌లో బుడగ బొమ్మలు లేవు.

నాలుగు కొత్త ఎలుకలకి ఈ పొద్దున ఇచ్చాను, ఫ్లోరెసీన్ కలిపి. రెండింట్లో బుడగ లేచింది, ఒకటి పొగ, ఒకటి బొట్టు. ఎల్లుండి తీస్తాను. గైడ్‌కి ఇంకా చెప్పలేదు, మీటింగ్ సోమవారం.